ఏ ఊరి అంకణం?

పెళ్లయిన కొత్తలో నాకు తిరుపతిలో ఉద్యోగం వచ్చింది. ఇరవై అంకణాల ఇల్లు అద్దెకుందని ఫోన్లో మాట్లాడుకుని, నెల్లూరు నుంచి లారీలో సామాను వేసుకుని వెళ్లాం. తీరా చూస్తే ఇల్లు సగమే ఉంది. ఇంటాయన అబద్ధమాడలేదు. నేనూ తప్పు వినలేదు. మా నెల్లూరులో అంకణమంటే డెబ్భై రెండు చదరపు అడుగులు, అక్కడ ముప్ఫై ఆరు. బీరువా లోపల పట్టక వీధిలో ఉండిపోయింది. నా భార్య దానికి ఆనుకుని నిలబడి, "ఏ ఊరి అంకణమని అడగొద్దా?" అంది. లారీ డ్రైవరు కూడా నా వైపే చూశాడు.

నేను సి భాషలో ప్రోగ్రాములు రాసేవాణ్ణి. ఆ భాష నిండా ఇలాంటి అంకణాలే. లాంగ్ అని రాస్తే ఒక కంప్యూటరు నాలుగు బైట్లు ఇస్తుంది, ఇంకోటి ఎనిమిది ఇస్తుంది. చార్ అనే చిన్న గదిలో ఒక చిప్ మైనస్ అంకెల్ని కూడా దాస్తుంది, ఇంకో చిప్ అసలు మైనస్ అన్న మాటే ఎరగదు. రాసిన మాట ఒకటే, మిషన్ మారితే కొలత మారిపోతుంది. ఇంత తెలిసినవాణ్ణి ఇల్లు ఎలా మాట్లాడుకున్నానో నాకే తెలీదు.

తర్వాత నెల్లూరుకే తిరిగొచ్చి, రొయ్యల గుంటల్లో ఆక్సిజన్ కొలిచే మీటర్లు చేసే చిన్న కంపెనీలో చేరాను. మొత్తం నలుగురం. మిగతా ముగ్గురూ లాంగ్, చార్ ఎక్కడపడితే అక్కడ వాడేస్తుంటే, చెప్పి చెప్పి విసుగెత్తి ఒక చెకింగ్ ప్రోగ్రాము రాశాను. అది ప్రతి లైనూ చదువుతుంది. కొలత విడమర్చి చెప్పని మాట కనిపిస్తే లైను నంబరు వేసి, "ఏ ఊరి అంకణం?" అని అడుగుతుంది. ఎనిమిది బిట్లు, మైనస్‌తో సహా అని వివరంగా రాస్తేగానీ ఊరుకోదు. నెల్లూరు వాళ్లిద్దరికీ ఒక్క ముక్క కూడా వివరించాల్సిన పని లేకపోయింది. గోదావరి జిల్లా నుంచి వచ్చినాయన మాత్రం అదేదో మా ఊరి తిట్టు అనుకుని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజుల్లో తన తప్పులన్నీ దిద్దుకున్నాడు.

దాని నోరు మూయించే దారి కూడా నేనే పెట్టాను. ఒక్కోసారి లైను అలాగే ఉండాల్సి రావచ్చు. అప్పుడు పక్కన "నాకు తెలుసు" అని రాస్తే ఇక ఆ లైను జోలికి రాదు. అందరి కోసమని పెట్టాను గానీ, ఎక్కువగా వాడుకున్నది నేనే. నేను రాసిన ప్రోగ్రాము నన్నే నిలదీస్తుంటే ఒళ్లు మండేది.

మా మొదటి మీటరు పెట్టించుకున్నది ముత్తుకూరు అవతల ఒక గుంట సాగు చేసే అక్క. మబ్బు పట్టిన రోజుల్లో గుంటలో ఆక్సిజన్ పడిపోతుంది. వెంటనే నీళ్లలో గాలి చిలికే ఏరియేటర్లు తిప్పకపోతే పంటంతా పోతుంది. అందుకని ఆమె గట్టు విడిచి కదిలేది కాదు. ఆదివారం చర్చికి వెళ్లినా మొదటి పాట కాగానే చెప్పులు వేసుకునేది.

"ప్రసంగం కడదాకా విని ఎన్నాళ్లయిందో అబ్బయా," అంది, నేను మీటరు బిగిస్తుంటే. "ఇది చూసుకుంటాదా?"

"ఆక్సిజన్ మూడు కిందికి పడితే నీ ఫోన్ మోగుతుందక్కా. వైరు తెగినా మోగుతుంది. నువ్వు ధైర్యంగా పోయి కూర్చో. నాకు తెలుసు," అన్నాను.

నిజంగానే మోగేది. వైరు తెగితే కొలతకి బదులు మైనస్ ఒకటి వేసుకునేటట్టు రాశాను. మైనస్ ఒకటి మూడు కంటే తక్కువ కాబట్టి ఫోన్ వెళుతుంది. ఆ మైనస్ ఒకటిని చార్‌లో పెట్టాను. చెకింగ్ ప్రోగ్రాము అడిగింది, ఏ ఊరి అంకణమని. మేం వాడే చిప్‌లో మైనస్ పడుతుంది, ఆ సంగతి నాకు తెలుసు. అదే రాశాను. ఆ రోజుకి అది నిజమే. అక్క ఆ పంటకాలమంతా ప్రతి ఆదివారం ప్రసంగం ఆసాంతం వింది.

తర్వాత ఆ చిప్ దొరకడం ఆగిపోయింది. కొత్త రకం తెచ్చి పాత ప్రోగ్రామే అందులో ఎక్కించాం. ఎక్కించే ముందు చెకింగ్ నడిపితే ఒక్క ప్రశ్న కూడా రాలేదు. అంత శుభ్రంగా రాసినందుకు అందరికీ టీ చెప్పాను. అక్క దగ్గరున్న మీటరు ఉప్పుగాలికి పాడైతే, కొత్త చిప్ ఉన్నది నేనే వెళ్లి బిగించి వచ్చాను.

కార్తీకంలో ముసురు పట్టిన ఒక ఆదివారం, అక్క చర్చిలో ఉండగా, గుంటలో పీత ఒకటి వైరు కొరికేసింది. కొత్త చిప్‌లో చార్‌కి మైనస్ లేదు. బండి మీటరుని సున్నా నుంచి ఒకటి వెనక్కి తిప్పితే తొమ్మిదులన్నీ వచ్చినట్టు, ఆ గదిలో పట్టే అతి పెద్ద అంకె, రెండు వందల యాభై అయిదు, వచ్చి కూర్చుంది. కొలతని పదో వంతుల్లో దాస్తాం కాబట్టి మీటరు ఇరవై అయిదున్నర చూపించింది. ఏ గుంటలోనూ అంత ఆక్సిజన్ ఉండదు. కానీ మూడు కంటే చాలా ఎక్కువ కాబట్టి, గుంటలో నిజంగా ఆక్సిజన్ పడిపోతున్నా ఫోన్ మోగలేదు. ఆమె ప్రసంగం విని, ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకుని, నింపాదిగా వచ్చేసరికి రొయ్యలు గట్టు వారన గుంపులుగా తేలుతున్నాయి. ఏరియేటర్లు వేసింది గానీ అప్పటికే ఆలస్యమైంది. పంటలో పావు వంతు కూడా మిగల్లేదు.

ఫోన్ రాగానే బండి మీద వెళ్లాను. అక్క చర్చి చీరలోనే ఉంది. చచ్చిన రొయ్యల్ని వలతో గట్టుకి లాగుతోంది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

"ఎందుకు అబద్ధం జెప్పింది అబ్బయా అది?" అంది.

తిరుపతి ఇల్లు, బీరువా, అంకణం, చార్, చెకింగ్ ప్రోగ్రాము, అన్నీ చెప్పాను. ఆమెకి అంతా అర్థమైంది. అర్థం కాకపోతే బాగుండునని అనుకున్నాను.

"అయితే నువ్వు రాసిపెట్టింది అడిగింది గదా, ఏ ఊరిదని?"

"అడిగిందక్కా."

"నువ్వేం జెప్పినావు?"

"నాకు తెలుసు అన్నానక్కా."

ఆమె వల లాగడం ఆపలేదు. "నాకూ అదే జెప్పినావు," అంది.

రెండో వల తీసుకుని సాయంత్రం దాకా లాగాను.

సోమవారం ఆఫీసులో ఆ నోరు మూయించే దారి తీసేశాను. చెకింగ్ మళ్లీ నడిపితే స్క్రీన్ నిండా "ఏ ఊరి అంకణం?" అని వచ్చింది. గోదావరి ఆయన లైన్లు రెండే రెండు. మిగతావి చాలావరకు నావే. ఒక్కొక్కదానికీ కూర్చుని జవాబు రాశాను. వారం పట్టింది. దిద్దిన ప్రోగ్రాముని వెళ్లి అక్క మీటరులో ఎక్కించి వచ్చాను.

అక్క గుంటలో మళ్లీ రొయ్యపిల్ల వేసింది. మీటరు తీసేయమనలేదు, నమ్ముతానని కూడా అనలేదు. మొదటి పాట కాగానే మునుపటిలాగే గట్టుదారి పట్టేదట. రెండు నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసింది. మబ్బుగా ఉంది.

"అబ్బయా, ఈ రోజు ప్రసంగం దాకా కూర్చోవచ్చా?"

ఆ ప్రశ్నకి నా నాలుక మీద ఎప్పుడూ ఒక జవాబు రెడీగా ఉంటుంది. దాన్ని మింగేసి, "నేనొచ్చి గట్టు మీదుంటానక్కా, అప్పుడు పో," అని బండి తాళాలు తీసుకున్నాను.