శుక్లానికి వెళ్తే షుగరు

ఉయ్యూరు పక్కన చెరుకు క్రషర్లో బెల్లం వండడం నాన్న పని. పాకం రంగు కనబడని మనిషిని పెనం దగ్గర ఎవరూ ఉంచుకోరు. అందుకే సీజను మొదలయ్యేలోగా శుక్లం తీయించాలని బెజవాడలో కంటి డాక్టరుకు చూపించాను. ఆపరేషన్‌కు ముందు అందరికీ చేసే పరీక్షలు చేసి, ఆయన షుగరుందన్నారు. అది తగ్గితే గాని కత్తి పెట్టనన్నారు.

"మేం చూపించింది కన్నండీ," అన్నాడు నాన్న.

దాహం లేదు, నీరసం లేదు. ఏ బాధా లేని మనిషి ఒక్క పూటలో రోగి ఎలా అయ్యాడు? పాలిటెక్నిక్ ముగించి ఆటోనగర్‌లో మెకానిక్ షెడ్డులో కొత్తగా చేరినవాణ్ణి, సొంతంగా కొలిస్తే గాని నమ్మను. అమ్మానాన్నలను భవానీపురంలో నా అద్దె వాటాలో ఉంచుకుని గాజు గొట్టం, స్పిరిట్ దీపం, మూత్రంతో కలిపి కాచే నీలం ద్రావణం కొన్నాను. నీలంగానే ఉంటే షుగరు లేదు. ఆకుపచ్చయితే కొంచెం, పసుపయితే ఎక్కువ, ఇటుక రంగయితే మరీ ఎక్కువ.

అమ్మ వంటింట్లోకి రానివ్వలేదు. పెరట్లో కాచాను.

"ఏం రంగురా?"

"ఇటుక రంగు."

"నీకు కాచడం రాదు. మళ్లీ కాచు."

"రెండుసార్లు కాచాను నాన్నా."

"ఇన్నేళ్లూ రుచి చూస్తా రుచి చూస్తా అని గిన్నెలకొద్దీ పాకం తాగాడు," అంది అమ్మ బియ్యం ఏరుతూ. "ఇంకే రంగొచ్చిద్ది?"

మాత్రలు, సగం అన్నం, గోధుమ రొట్టెలు. పసుపొచ్చేది, మర్నాడు మళ్లీ ఇటుక రంగు. రమ్మని క్రషర్ నుంచి కబుర్లు వస్తున్నాయి. ఇంజను విప్పుతున్నా నాకు ఆ గొట్టమే కనిపించేది. ఒక పొద్దున నాదీ కాచుకున్నాను. నీలమే. అయినా మర్నాడు మళ్లీ చూసుకున్నాను.

చివరికి ఆకుపచ్చ నిలిచింది. ఆపరేషన్ అయింది. దళసరి కళ్లద్దాలతో నాన్న పెనం దగ్గరికి వెళ్లాడు.

ఒక ఆదివారం ఊరికి వెళ్తే, మాత్రలు మానేశాడని అమ్మ చెప్పింది.

"కన్ను బాగైందిగా," అన్నాడు నాన్న. ఆయన లెక్కలో షుగరు ఆపరేషన్‌కు వచ్చిన అడ్డు, అంతే. వెంట తెచ్చిన గొట్టంలో కాచి ఆయన చేతికే ఇచ్చాను. వెలుతురుకెత్తి చూశాడు.

"ఎర్రబడిందిరా. బాగైన కన్ను మళ్లీ పోద్దా?" అన్నాడు.

"మాత్రలు మానితే పోవచ్చన్నారు డాక్టరు గారు."

"ఎన్నాళ్లు మింగాలి?"

"ఎప్పటికీ."

"సీజనయ్యేదాకా మింగుతా," అన్నాడు నాన్న.

సరేనన్నాను. సీజనయ్యాక ఏం చెప్పాలో బస్సు బెజవాడ చేరినా తోచలేదు.