కిటికీకి అడ్డొచ్చిన దూలం

వెల్డరుకి రోజూ ఇంటికి చేరేసరికి ఒళ్ళు హూనమైపోయేది. అది చాలదన్నట్టు ఈసారి పని సొంత పెళ్ళాం కొట్లోనే పడింది. ఏ జన్మలో చేసుకున్న పాపమో!

ఆ కొట్టున్న ఐదంతస్తుల మేడ పాతకాలపు ఉక్కు చట్రం మీద నిలబడింది. స్తంభాలూ దూలాలూ కలిసే అతుకులు బలహీనంగా ఉన్నాయని, గట్టిగా భూకంపం వస్తే మేడ ఒక పక్కకి ఒరిగిపోతుందని తేలింది. అందుకని లోపల జనం ఉండగానే అతుకులకు కొత్త పలకలు అతుకుతున్నారు, స్తంభాల మధ్య ఏటవాలుగా ఉక్కు దూలాలు బిగిస్తున్నారు. కింది అంతస్తులో ఇంకొక్క దూలం పెట్టాలి, అది పట్టే చోట్లు రెండే. ఒకటి గడియారాలు బాగుచేసే తాత కొట్టు, రెండోది వెల్డరు భార్య కుట్టుమిషను పెట్టుకున్న కొట్టు. రెండింటికీ ఉన్నది చెరో కిటికీ, దూలం వస్తే దానికే అడ్డం.

"ఎటు పెట్టినా బలం ఒకటే. ఒకటి మీవాళ్ళ కొట్టే కదా, మీరే చెప్పండి," అంది వెల్డరుతో, పని చూస్తున్న ఇంజనీరమ్మ.

తాత వైపు పెట్టమంటే పెళ్ళాన్ని కాచుకున్నాడంటారు. పైగా ఆ ముసలాయన కంటికి భూతద్దం తగిలించుకుని ఆవగింజంత మరలు వెతుక్కునే మనిషి. ఇంటికెళ్ళి ఆవిడనడుగుదామంటే, అరుపులు పడే ఓపిక లేదు. "మావైపే పెట్టండి," అనేసి చేతులు దులుపుకున్నాడు. ఇంట్లో మాత్రం నోరు మెదపలేదు.

వెల్డింగు జరుగుతుంటే, రవ్వలు పడితే ఆర్పడానికి ఒకరు బకెట్టు నీళ్ళతో కాపలా ఉండాలి. కొట్టు నిండా జనం ఇచ్చిన బట్టలాయె, ఆ కాపలా ఆవిడే కాసింది. కాస్తున్నంతసేపూ ఇంజనీరమ్మకి అక్షింతలే.

"ఆవిడ చేతులు పడిపోను! ఇంత మేడలో నా కిటికీ ఒక్కటే కనపడిందా? అసలే చూపు ఆనడం లేదు. నల్లబట్ట మీద నల్లదారం ఎలా కుట్టనయ్యా? నువ్వైనా ఒక్క మాట అనకూడదూ?"

"వాళ్ళ లెక్కలు మనకేం తెలుస్తాయే," అన్నాడు. మొహానికి వెల్డింగు ముసుగు ఉండబట్టి బతికిపోయాడు.

దూలం బిగిశాక కొట్లో పగలే లైటు వేసుకోవాల్సి వచ్చింది. కుట్టడం, వంకరపోయిందని విప్పడం, మళ్ళీ కుట్టడం. బేరాలు తగ్గాయి. అలవాటు పడుతుందిలే అని అతను ఊరుకున్నాడు.

ఒకరోజు ఇంజనీరమ్మ ప్యాంటు అంచు మడిచి కుట్టించుకోడానికి వచ్చింది. "మీ ఆయన మనసు మంచిదండీ. అడగ్గానే మీవైపే పెట్టమన్నారు. ఎవరంటారలా?" అంది.

మూలన మిగిలిన కడ్డీముక్కలు ఏరుతున్న వెల్డరు ముసుగు కోసం అటూ ఇటూ చూశాడు. భార్య మాత్రం తొణక్కుండా కొలత తీసుకుని, ఇంజనీరమ్మని నవ్వుతూనే పంపించింది.

"తాత బతుకుతెరువు చెడగొట్టమంటాననుకున్నావా? నేనూ మనవైపే పెట్టమనేదాన్ని."

"మరింకేమే..."

"అడగలేదుగా! నా కిటికీ సంగతి నన్నొక్క మాట అడగలేదు. పైగా ఆ మహాతల్లిని నా నోటితో తిట్టించావు."

అరుస్తుందని చూశాడు. అరవలేదు. అరిచినా బాగుండు అనిపించింది. ఆవిడ చేతిసూదిలోకి దారం ఎక్కించబోయింది, రెండుసార్లు తప్పింది.

"ఇటివ్వు, నేనెక్కిస్తా," అని చెయ్యి చాపాడు.

ఆవిడ ఇవ్వలేదు. దారం కొస నోట్లో తడుపుకుని, లేచి, పక్కకొట్లో తాత కిటికీ దగ్గరికి వెళ్ళింది.