కొనుగోలు కన్నా పెద్ద కొసరు

మా నాన్నకి హిందీ వచ్చని బజారంతా నమ్మేది. బెజవాడలో టోకు వ్యాపారం చేసే మార్వాడీల దగ్గర నేర్చుకున్న హిందీ అది. అంకెలూ, ఎక్కువ చెప్తున్నారనడానికీ, తగ్గించమనడానికీ, లేకపోతే పక్క కొట్టుకి వెళ్తామని బెదిరించడానికీ సరిపడా మాటలూ, అంతే. ఆ హిందీని నమ్ముకునే మా బజారు వాళ్ళం కొందరం ఒక సెలవురోజు పులిగడ్డ అక్విడక్టు దాటి, చల్లపల్లి మీదుగా బందరు వెళ్ళి, లంచగొండుల మీద తిరగబడిన ఒక పోలీసాఫీసరు హిందీ సినిమా చూశాం.

తొంభైల చివరి సంగతి. దివిసీమలో చిన్న ఊరు మాది, మాకు స్టీలు సామాన్ల కొట్టు. డిగ్రీ అయ్యాక నేనూ గల్లాపెట్టె దగ్గరే కూర్చునేదాన్ని. ఎదుటివాళ్ళు ఒక మాట అంటే దాన్ని కొంచెమైనా అటో ఇటో జరపకపోతే నాకు తోచదు. నన్ను చూడటానికి గుడివాడ నుంచి వచ్చినవాళ్ళు ముహూర్తం మాఘంలో పెట్టుకుందామంటే ఫాల్గుణం అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. చివరికి మాఘం ఆఖర్లో కుదిరింది. ఆ బేరంలో నాకు మిగిలిందేమిటని మా ఆయన ఇప్పటికీ అడుగుతుంటాడు.

నిజానికి ఆ రోజు మేం వెళ్ళింది హీరో కోసం కాదు. మా ఊరికి కొత్తగా వచ్చిన ఎస్సైగారు అచ్చం ఆ సినిమాలో హీరో లాంటివాడని, ముందే చూసొచ్చిన బట్టలకొట్టు బాబాయి చెప్పాడు. పోలిక చూసుకుందామని వెళ్ళాం.

మొహంలో అయితే ఏ పోలికా లేదు. మా ఎస్సైగారు సన్నగా ఉండేవారు. ఏడాది పొడుగునా జలుబు, చేతిలో రుమాలు. పోలికంతా వేరేచోట ఉంది. మా బజారులో ఏ ఎస్సై వచ్చినా మామూలు ముట్టేది. అంతకు ముందాయన చుట్టాల ఇళ్ళలో ఏ పెళ్ళి జరిగినా కుక్కరు మా కొట్టు నుంచే వెళ్ళేది. కొత్తాయన రాగానే బజారు పెద్దలు వెళ్ళి కలిశారు. వద్దన్నాడు. మా బజారులో వద్దంటే వద్దని అర్థం కాదు, ఇంకొంచెం పెంచమని. పెంచుకుని వెళ్ళారు. మళ్ళీ వద్దన్నాడు. మనిషి గట్టి బేరగాడని మెచ్చుకుంటూ తిరిగొచ్చి, ఇంకా పెంచారు. ఈసారి ఆయన లేచి నిలబడి, మళ్ళీ వస్తే కేసు పెడతానని చెప్పి పంపించేశాడు. అప్పటికీ మావాళ్ళకి అనుమానం తీరలేదు. స్టేషన్‌కి టీ గ్లాసులు కావలసి వచ్చి, నాన్న కానిస్టేబుల్ దగ్గర డబ్బు తీసుకోనంటే, ఆయనే స్వయంగా వచ్చి బల్లమీద పెట్టి రసీదు అడిగి పట్టుకెళ్ళాడు. అప్పుడు తెలిసింది మాకు, అసలక్కడ బేరమే జరగడంలేదని.

ఆయనకి కావలసింది ఒకటే ఉండేది. అది మేమిచ్చేది కాదు. ఆయన భార్య టీచరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమెకి ముదినేపల్లి వైపు ఉద్యోగం, ఆయనకి ఎక్కడెక్కడో. ఇన్నేళ్ళకి ఇద్దరికీ ఒకే ఊరు దొరికింది. సాయంకాలం ఇద్దరూ నడుచుకుంటూ కూరగాయలకి వచ్చేవారు. ఇక్కడ కొన్నాళ్ళు ఉండనిస్తే చాలు, ఇంకే కోరికా లేదని ఆమె ఒకసారి మా అమ్మతో అందట. ఉండనిస్తారా అన్నదే ప్రశ్న. ఎందుకంటే ఆయన కృష్ణ ఒడ్డున ఇసుక ట్రాక్టర్లని ఆపడం మొదలుపెట్టాడు.

సినిమాహాల్లో మా నాన్న నా పక్కన కూర్చుని అందరికీ అర్థం చెప్పాడు. తెరమీద మంత్రి ఒక పెట్టె ముందుకి తోస్తాడు. హీరో వెనక్కి తోస్తాడు. "తక్కువ చెప్పాడమ్మా," అన్నాడు నాన్న గుసగుసగా. మంత్రి ఇంకా పెద్ద పెట్టె తీశాడు. "చూశావా, పెంచాడు." హీరో ఆ పెట్టెని మంత్రి మొహానే కొట్టేసరికి నాన్న ఇంక అర్థం చెప్పలేదు. మిగతావాళ్ళతో పాటు లేచి నిలబడి ఈల వేశాడు. మా నాన్నకి ఈల వేయడం వచ్చని నాకు అంతవరకూ తెలీదు. ఇంటర్వెల్ ముందు హీరోని ఎక్కడో కొండల్లోకి బదిలీ చేశారు. ఇంటర్వెల్ తరవాత అతను జీపు మీద తిరిగొచ్చి అందరి లెక్కా తేల్చాడు. తిరుగు బస్సులో మావాళ్ళు ఎస్సైగారిని పొగుడుతూనే ఉన్నారు. అలాంటివాడు మన ఊళ్ళో ఉండి కూడా ఒక్క దండ వేయలేదు మనం అని నాన్న బాధపడ్డాడు.

ఆ మర్నాడో ఆ పై రోజో టీచరుగారు మా కొట్టుకి వచ్చింది. పాలగిన్నె కావాలంది. నాన్న ధర చెప్పాడు. ఆమె పర్సు తీసి అంతా ఇచ్చేసింది.

కొట్లో పెరగనివాళ్ళకి ఇందులో తప్పేముందో తెలీదు. మేం చెప్పే ధరలో బేరానికి వదిలిన జాగా ఉంటుంది. ఆ జాగా కొనేవాళ్ళది. వాళ్ళు అడగాలి, మేం వాపోవాలి, అప్పుడు దిగాలి. అడక్కుండా ఇచ్చేస్తే వాళ్ళ సొమ్ము మా చేతిలో ఉండిపోయినట్టు. వేరేవాళ్ళయితే నాన్న ఆ రోజు కాఫీ తాగి మరిచిపోయేవాడే. ఈమె ఆ ఎస్సైగారి భార్య. తగ్గిస్తానంటే ఆమె పుచ్చుకోనంది. దాంతో నాన్న కొసరు దగ్గరికి వెళ్ళాడు. ఏది కొన్నా ఒక చెంచానో, చిన్న గిన్నెనో మీద పెట్టడం మా బజారు అలవాటే. పెట్టకపోతే అడిగి పుచ్చుకుంటారు. నాన్న కంటికి ఆ రోజు చెంచా ఆనలేదు. పైన అరలోంచి మూతలున్న డబ్బాల సెట్టు దింపాడు. పెద్దది, పప్పులకీ ఉప్పులకీ ఇల్లంతటికీ సరిపోయేది.

"అంతొద్దండీ బాబూ," అందామె కంగారుగా. "ఆయన ఊరుకోరు."

"ఇది కొసరమ్మా. మీకొక్కరికే కాదు, అందరికీ ఇస్తాం," అన్నాడు నాన్న. అబద్ధం ఆడేటప్పుడు ఆయన గొంతు ఎప్పుడూ అంత మెత్తగానే ఉంటుంది.

ఆమె గిన్నె మాత్రం తీసుకుని వెళ్ళిపోయింది. నాన్న ఊరుకోలేదు. రిక్షా పిలిచి, డబ్బాలన్నీ ఎక్కించి, పట్టపగలు బజారు మధ్యనుంచి వాళ్ళింటికి పంపించాడు. దాచిపెట్టి పంపడానికి అదేం లంచం కాదుగదా అని ఆయన ధీమా. ఎస్సైగారు హంసలదీవి తిరనాళ్ళ బందోబస్తుకి వెళ్ళి ఉన్నారు. ఆయన వచ్చేదాకా ఆ డబ్బాలు వాళ్ళ వరండాలో కట్టు విప్పకుండానే ఉన్నాయి. రాగానే అదే రిక్షా మీద వెనక్కి పంపేశారు. ఈలోగా ఇసుక వాళ్ళ తరపున బందరుకి ఆకాశరామన్న అర్జీ వెళ్ళిపోయింది. రిక్షాని చూసినవాళ్ళు ఊరంతా ఉన్నారు.

నాన్నని విచారణకి రమ్మని కబురొచ్చినరోజు సాయంత్రం ఎస్సైగారు కొట్టుకి వచ్చారు. నాన్న అప్పటికే ఒక ఉపాయం సిద్ధం చేసుకున్నాడు. పాత తేదీ వేసి, డబ్బాలు కొన్నట్టూ, నచ్చక వాపసు ఇచ్చినట్టూ బిల్లు రాసేస్తానన్నాడు. అది మంచి ఉపాయమే. నేనైనా అదే చెప్పేదాన్ని.

ఎస్సైగారు రుమాలుతో ముక్కు తుడుచుకున్నారు. "ఆ బిల్లు రాస్తే, అప్పుడు నిజంగానే మీ దగ్గర తీసుకున్నట్టవుద్దండి, షావుకారుగారూ," అన్నారు. "జరిగింది జరిగినట్టు చెప్పండి చాలు."

"చెప్తే మిమ్మల్ని ఇక్కడ ఉండనిస్తారాండి?"

"అది తెలీదండి."

బందరులో పోలీసాఫీసుకి నాన్నతో నేనూ వెళ్ళాను. విచారించే ఆఫీసరు చెడ్డవాడేం కాదు. మాకు కుర్చీలు వేయించాడు. నాన్న జరిగింది జరిగినట్టు చెప్పాడు, పాలగిన్నె దగ్గర్నుంచీ. ఆయన రాసుకుంటూ రాసుకుంటూ కలం ఆపాడు.

"కొన్నదానికన్నా కొసరు పెద్దదా?"

"అవునండి."

"ఏ బజార్లో ఇస్తారయ్యా అలాగ?"

"ఇవ్వరండి. ఆయన మంచివాడని ఇచ్చానండి."

"మంచివాడని నీకు ఇవ్వాలనిపించింది. ఇంకొకడికి భయమేసి ఇవ్వాలనిపిస్తుంది. కాయితమ్మీద రెండూ ఒకటేనయ్యా." అని నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. కొట్లో కూర్చుంటావుగా. ఇంకెవరికైనా ఇచ్చారా ఇంత?"

బేరంలో ఎదుటివాణ్ణి కదిలించడానికి ఎక్కడో ఒక సందు దొరుకుతుంది. మొహం చూస్తే తెలుస్తుంది. ఆయన మొహంలో నిజం తెలుసుకుందామన్న కోరిక తప్ప ఏమీ లేదు. లేదండి, ఎవరికీ ఇవ్వలేదండి అన్నాను.

ఎస్సైగారికి బదిలీ వచ్చింది. జిల్లాలో ఆ చివరికి. టీచరుగారి ఉద్యోగం మా ఊళ్ళోనే ఉండిపోయింది.

బజారు పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. అందరం సంతకాలు పెట్టి పైకి పంపుదామని బాబాయి అన్నాడు. కాగితం ఎవరు తెస్తారన్న దగ్గర మాట ఆగింది. కొత్తగా వచ్చే ఎస్సై ఆ సంతకాలు చూస్తాడన్న సంగతి ఎవరూ పైకి అనలేదు, అందరికీ గుర్తొచ్చింది. సినిమాహాల్లో ఈలలు వేసిన నోళ్ళే అవన్నీ. నేను వాళ్ళని తప్పుపట్టలేను. మా కొట్లూ మా పిల్లలూ ఆ ఊళ్ళోనే. జీపు మీద దూకి వెళ్ళిపోయే వీలు మాకెవరికీ లేదు. కొత్తాయన వచ్చాడు. మొదటిసారి వద్దన్నాడు, రెండోసారి ఒప్పుకున్నాడు. బజారంతా ఊపిరి పీల్చుకుంది. మాకు తెలిసిన లెక్క మళ్ళీ మొదలైంది.

నాన్న మాత్రం చాలాకాలం, ఇది ఇంటర్వెలేనమ్మా, అంటుండేవాడు. పాత ఎస్సైగారు తిరిగొస్తారని నిజంగానే అనుకున్నాడు. తరవాత తరవాత ఆ మాట అనడం మానేశాడు. ఎప్పుడు మానేశాడో నేను గమనించలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఏదోలా ఉంటుంది.

ఎస్సైగారు సెలవు దొరికిన ఆదివారం వచ్చేవారు. యూనిఫాంలో కాదు, మామూలు చొక్కాలో, చేతిసంచితో. మధ్యాహ్నం ఎండలోనే మళ్ళీ బస్టాండుకి నడిచేవారు. టీచరుగారు పక్కనే నడిచేది. మా కొట్టు ముందునుంచే దారి. వాళ్ళు కనిపించగానే నాన్న గల్లాపెట్టె దగ్గర లేచి నిలబడేవాడు. ఒక నమస్కారం పెట్టినా, నీళ్ళు తాగి వెళ్ళమన్నా దానికి మళ్ళీ ఏం అంటగడతారోనని భయం. అందుకని నిలబడేవాడు, అంతే. ఆయన ఒకసారి ఇటు చూసి తల వంచుకునేవారు. వాళ్ళిద్దరూ మలుపు తిరిగేదాకా నాన్న కూర్చునేవాడు కాదు. కొట్లో కొనేవాళ్ళు ఉంటే, వాళ్ళు చెప్పిన ధరకే సరేనని నేను తొందరగా ఇచ్చి పంపేసేదాన్ని.