మూడు చుక్కల డిస్కు

పొద్దున్నే తమ్ముడి నంబరు నుంచి ఫోను వచ్చింది. అతను తనంతట తానుగా నాకెన్నడూ ఫోను చేసినవాడు కాదు. ఎర్ర లైటు వెలిగిందనో, కంప్యూటరు డబ్బా వేడెక్కిందనో నేనే చేసేదాన్ని. మాట్లాడింది వాళ్ళావిడ.

"వదినా, మీ తమ్ముడు పోయిండు. నిద్రలనే పోయిండు."

"రాత్రి అన్నం తిన్నడా?" అని అడిగాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తోడబుట్టినవాడు కాదు. మా చర్చికి వచ్చేవాడు. అమీర్‌పేటలో, కోర్సుల బోర్డులు వేలాడే ఒక సందులో, ఆఫీసు కంప్యూటర్లు బాగుచేసేవాడు. నేను ఐదో తరగతితో ఆపినదాన్ని. అయినా విసుక్కోకుండా, నాకు అర్థమయ్యేదాకా చెప్పేవాడు.

మా ఆయన చర్చిలో ముప్పై ఏళ్ళు కీర్తనలు పాడించారు. ఆయన పోయాక గొంతొక్కటే మిగిలింది, అదీ క్యాసెట్లలో. టేపులకు బూజు పడుతోందని నేను ఏడుస్తుంటే, తమ్ముడు వాటిని కంప్యూటరులోకి ఎక్కించి, ఏదో ఆఫీసు వదిలేసిన డబ్బా తెచ్చి పంజాగుట్టలో మా ఇంట్లో పెట్టాడు. అందులో రెండు డిస్కులు. ఒకదాంట్లో ఉన్నదే రెండోదాంట్లోనూ ఉంటుంది. రెయిడ్ అంటారట.

"ఒకటి పోయినా ఇంకోటి ఉంటది. ఫికర్ చెయ్యకక్కా."

"రెండూ ఒక్కసారే పోతే?"

"అమ్మో, మొదలువెట్టినవా!"

నవ్వాడే గానీ నా భయాన్ని తీసిపారేయలేదు. ఒకేనాడు కొన్నవి ఒకే వయసులో పోవచ్చని, రెండో డిస్కు వేరే దుకాణంలో కొన్నాడు. తారుమారు కాకుండా నా మనవరాలి గోళ్ళరంగుతో ఒకదానికి ఒక చుక్క, ఇంకోదానికి రెండు చుక్కలు పెట్టాడు. ఆ రెండింటినీ నడిపే కార్డు పాడైతే, అదే రకం కార్డు లేకుండా డిస్కులు చదవడం కష్టమట. పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి అలాంటిదే ఇంకోటి తెచ్చి, నా బీరువాలో చీరల కింద పెట్టించాడు. ఇంకా అక్కడే ఉంది.

ఒకసారి ఒక డిస్కు పోయింది. కొత్తది పెట్టి, "మిగిలిన పాతదాంట్ల ఉన్నదంత దీంట్ల రాసుకుంటది. రేపటిదాక ముట్టకు" అని చెప్పి వెళ్ళాడు. నాకేమో గడప దాటేముందు కరెంటు మెయిన్ ఆపే అలవాటు. మర్నాడు ఆదివారం. డబ్బా మీద చెయ్యి పెడితే కాలింది. ఇల్లంటుకుంటుందని ఆపేసి చర్చికి వెళ్ళాను. చెప్పగానే తమ్ముడు పాట మధ్యలోనే లేచి నాతో వచ్చేశాడు.

"పాటలు పోయినయా?"

"పోలే. మళ్ళ మొదటి సంది రాయాలె. గప్పటిదాక గీ పాతది తట్టుకోవాలె. గంతే."

తిట్టలేదు. టేబుల్ ఫ్యాను డబ్బావైపు తిప్పి, అన్నం కూడా దాని పక్కనే కూర్చుని తిన్నాడు. సాయంత్రానికి రెండు పచ్చ లైట్లూ వెలిగాయి. మా ఆయన గొంతు విన్నాక గానీ చెప్పులు వేసుకోలేదు.

గుమ్మంలో ఆగి అన్నాడు: "అక్కా, డిస్కు పోతే గీ డబ్బా కాపాడుతది. మన చెయ్యి నుంచి కాపాడలేదు. ఒకదాంట్ల తుడిస్తే రెండోదాంట్ల సుత పోతది. ఇంకోటి వేరే ఇంట్ల ఉండాలె."

అలా మూడు చుక్కల డిస్కు ఎర్రమంజిల్‌లో వాళ్ళింటికి చేరింది. ప్రతి నెలా మొదటి ఆదివారం దాన్ని తెచ్చి, చర్చివాళ్ళ దగ్గర కొత్తగా దొరికిన మా ఆయన పాటలు ఎక్కించేవాడు. తర్వాత అందులోంచి ఒక కీర్తన పెట్టేవాడు. "దాస్తే అయిపోలే, ఇని సూడాలె" అనేవాడు. టీ తాగుతూ వినేవాళ్ళం. మీ ఇంట్లోనూ పోయినవాళ్ళ గొంతు ఒక్కచోటే ఉంటే, ఆ మాట గుర్తుపెట్టుకోండి.

ఈ నెల మొదటి ఆదివారం మరదలు వచ్చింది. భుజాన అతని సంచి.

"వదినా, మీ డిస్కు. నాకేం తెలుస్తది, మీరే ఉంచుకోండ్రి."

"నాకాడ రెండున్నయి. ఇది నీ ఇంట్లనే ఉండాలె."

"నేను యాడన్న పడేస్తనేమో."

"నేను మెయిన్ ఆపినదాన్ని" అన్నాను. మరదలు నవ్వబోయి ఏడ్చింది.

మనవరాలు డిస్కు తగిలించింది. రెండో చరణంలో ఎప్పటిలాగే మా ఆయన గొంతు జీరపోయింది. అక్కడ తమ్ముడు కప్పు మీద వేలితో తాళం వేసేవాడు. ఇద్దరం మా కప్పులు పట్టుకుని అలాగే కూర్చున్నాం.

తర్వాత బాల్కనీలో నిలబడి చూశాను. మలుపు దగ్గర జనం ఎక్కువగా ఉన్నారు. మరదలు డిస్కు ఉన్న సంచిని భుజం మీంచి ముందుకు తెచ్చుకుని, రెండు చేతులా పొదివి పట్టుకుని, ఎర్రమంజిల్ వైపు రోడ్డు దాటింది.