ఆమె కోసం తీసిపెట్టిన తొక్కు

వియత్నాంలో ఒంటరిగా తిరిగినప్పుడు, హాస్టల్లో నా కింది మంచం ఒక స్పెయిన్ అమ్మాయిది. నాలుగు రోజుల్లోనే ఒకే ప్లేటులో తినేంత స్నేహమైంది. మా అమ్మ కట్టిచ్చిన మామిడికాయ తొక్కును బ్రెడ్డుకు రాసుకుని, కళ్ళనీళ్ళు కారుతున్నా వేళ్ళు నాకుతూ తినేది. వీడియో కాల్‌లో అది చూసి అమ్మ పడీపడీ నవ్వింది.

"ఆ పిల్లను మన ముడిమ్యాలకు తోల్కరా బిడ్డా" అంది.

తప్పకుండా వస్తానని ఆమె ఫోన్లోనే అమ్మకు మాటిచ్చింది. అప్పటినుంచి అమ్మ ఏటా ఆమె కోసం ఒక చిన్న సీసా తొక్కు తీసిపెడుతోంది. దాన్ని మేం ముట్టుకుంటే ఊరుకోదు.

నిన్న ఫోన్ తెరిస్తే ఆమె ఫోటో కనిపించింది. మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లో ఎవరిదో పెళ్ళి. పట్టుచీర, చేతుల నిండా గోరింటాకు. వారం రోజులుందట, ఇక వెళ్ళిపోతోందట. నేను రోజూ ఆఫీసుకెళ్ళే బస్సు ఆ గేటు ముందునుంచే పోతుంది. ఒక్క మెసేజ్ పెట్టడానికి ఏం రోగం?

ఈ పొద్దున అమ్మ కొత్త తొక్కు సీసాలో నింపుతూ అడిగింది.

"ఆ పిల్ల ఈ యేడన్న వస్తదా?"

"దూరం గదనే అమ్మా" అన్నాను.

"ఔ, గంత దూరంకెళ్లి ఎట్లొస్తది పాపం" అంటూ అమ్మ సీసా మూతికి గుడ్డ కట్టింది.