పచ్చ లైటుకీ వేలికీ మధ్య

2023 వానాకాలం. జంషెడ్‌పూర్ గోల్‌మురిలో ఒక కంప్యూటర్ షాపు తరఫున ఇళ్లకు వెళ్లి గేమింగ్ మానిటర్లు చూసే పని నాది. ఎక్కడికెళ్లినా వినబడే ఫిర్యాదు ఒకటే, ఇన్‌పుట్ ల్యాగ్. అంటే మీట నొక్కాక ఆ ఫలితం తెర మీదికి రావడానికి పట్టే ఆలస్యం.

సింహాచలం గారు ఆ ఊళ్లోనే బర్మామైన్స్ అనే పేటలో ఉండేవారు. చిన్న ఫ్యాక్టరీలో క్రేన్ ఆపరేటర్. భార్య పోయాక ఒక్కరే. మావాళ్లలాగే వాళ్లదీ శ్రీకాకుళం వైపే కాబట్టి బాబాయ్ అని పిలిచాను. డ్యూటీ దిగాక ఇంటర్నెట్‌లో కార్ల రేసు ఆడతారట.

"ఆడేవోళ్ల మొహాలు తెల్దమ్మా. అయినా రోజూ వత్తారు," అన్నారు.

"ఏటి ప్రాబ్లం బాబాయ్?"

"నొక్కుతన్నాను, బండి లేటుగా కదుల్తంది. కీబోర్డు మార్చాను, కేబుల్ మార్చాను. వేరియబుల్ రిఫ్రెష్ రేట్ ఉంటే ఠీక్ అయిపోద్దంటే ఈ మానిటర్ కొన్నాను. అదే తీరు."

గ్రాఫిక్స్ కార్డు బొమ్మలు పంపే వేగాన్ని బట్టి తెర తన వేగం మార్చుకోవడమే వేరియబుల్ రిఫ్రెష్ రేట్. దానివల్ల బొమ్మ చీలదు, కుదుపులు తగ్గుతాయి. సెట్టింగులన్నీ చూశాను, సరిగ్గానే ఉన్నాయి. నేను ఆడితే నొక్కగానే బండి కదిలింది.

అప్పుడు ఆయన్ని ఆడమని, వేలూ తెరా రెండూ పడేలా ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీశాను. మేం ల్యాగ్ చూసే సులువైన పద్ధతి అది. వేలు మీట మీద పడ్డ వెంటనే బండి కదిలింది. కానీ తెర మీద రేసు మొదలని చెప్పే పచ్చ లైటు వెలిగాక, ఆ వేలు కిందికి రావడానికే చాలాసేపు పట్టింది. అది ఎడమచెయ్యి. కుడిచేత్తో ఆడమన్నాను. వేలు చప్పున పడింది.

"మానిటర్‌దేనా?" అని అడిగారు.

"కాదు బాబాయ్," అని వీడియో చూపించాను.

మళ్లీ మళ్లీ చూశారు. బయట పిల్లలు హిందీలో అరుచుకుంటున్నారు. ఫోన్ నా చేతికిచ్చారు.

"క్రేన్ మీద కూడా ఇలాగే ఉందమ్మా. నడిపే లీవర్ గట్టిపడిందనుకున్నాను. ఎవలికి చెప్తాను?"

"లోడు ఎత్తినప్పుడు కింద మనుషులుంటారు కదా."

"ఉంటారు." చేతిని ఒళ్లోకి తీసుకున్నారు. "రేపు డ్యూటీకి ఎల్లనులే."

మర్నాడు వీడియో డాక్టరు గారికి చూపించాలన్న వంకతో ఆయనతో ఆసుపత్రికి నేనూ వెళ్లాను. నరాల జబ్బు మొదలైందన్నారు. మందులు రాశారు. ఆయనే సూపర్‌వైజర్‌కి చెప్పుకుని క్రేన్ దిగిపోయారు. స్టోర్‌లో కూర్చునే పని ఇచ్చారు. క్రేన్ పైనుంచి షెడ్డంతా కనబడేదని, స్టోర్‌లో గోడలేనని ఒకసారి ఫోన్‌లో అన్నారు.

ఆ చలికాలంలో అటువైపు వెళ్లి తలుపు తట్టాను. రేసు ఆడుతున్నారు. అందరికన్నా వెనక ఉన్నారు.

"ఆళ్లు ఆగరు కదమ్మా," అన్నారు, తెర మీంచి చూపు తిప్పకుండా. "కనబడినంత దూరం ఎనకాల ఎల్తాను."

ఆ తరవాత ల్యాగ్ అని ఎవరు పిలిచినా ముందు సెట్టింగులు తెరవడం మానేశాను. కాసేపు వాళ్లనే ఆడమని పక్కన కూర్చుంటాను. నూటికి తొంభైమందిది సెట్టింగుల తప్పే. అయినా వాళ్ల చేతులు చూస్తాను.