నల్లని షీటు మీద ఇల్లు

మొన్న ఆదివారం కాప్రాలో మా అన్నయ్య ఇంటికి వెళ్లినప్పుడు, ఆర్కిటెక్చర్ చదువుతున్న మేనకోడలు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, తాను గీసిన ఇంటి ప్లాను వెనుక రంగులు మారుస్తూ, "అత్తా, ఏది మంచిగుంది, జెర చూడు" అంది. బూడిదరంగు పోయి ఆకుపచ్చ, అది పోయి నలుపు రెప్పపాటులో వచ్చేశాయి. ఆ నలుపు చూడగానే, ఇన్నేళ్ల తర్వాత కూడా, "అది మాత్రం వద్దు" అన్నాను.

మన వయసువారికి గుర్తుండే ఉంటుంది, డ్రాయింగ్ బల్లలు ఒక్కొక్కటిగా గోడకు చేరి, వాటి చోట కంప్యూటర్లు వచ్చిన రోజులు. మోండా మార్కెట్ వెనుక సందులో, మేడ మీది చిన్న ఆర్కిటెక్టు ఆఫీసులో నేను అప్పట్లో ఇటుకలు, సిమెంటు, ఇనుము లెక్కలు కట్టేదాన్ని. కంప్యూటర్ నాకెవరూ నేర్పలేదు. అందరూ భోజనానికి వెళ్లినప్పుడు ఖాళీ కుర్చీలో కూర్చుని, ఏ మీట నొక్కితే ఏమవుతుందో చూసి నేర్చుకున్నాను. అందుకే డ్రాఫ్ట్స్‌మన్ మరో ఆఫీసుకు వెళ్లిపోయినప్పుడు మా సారు నన్ను పిలిచి, మల్కాజ్‌గిరిలో ఒక కుటుంబం కట్టుకోబోయే ఇంటి షీటు సిద్ధం చేయమన్నారు. ఈ పని దక్కితే ఆ కుర్చీ నాది, దక్కకపోతే కొత్త మనిషిని చూసుకుంటానని మొహమాటం లేకుండా చెప్పారు కూడా.

సారు ఏదో పత్రికలో చూశారట, షీటు వెనుక చిక్కటి నలుపు ఉండాలన్నారు. మా సాఫ్ట్‌వేర్‌లో షీటుకు రంగు వేసే మీటంటూ ఏదీ లేదు. షీటంత దీర్ఘచతురస్రం గీసి, దాన్ని రంగుతో నింపి, ప్లాను వెనక్కి పంపాలి. పంపాలన్న సంగతి తెలియక మొదటిసారి నింపగానే ఇల్లంతా నలుపు కింద మునిగిపోయింది. చేసిన పనంతా చెరిపేశానేమోనని ఒక్కో మీటా నొక్కి చూశాను. ఎలాగో దాన్ని వెనక్కి పంపి, గీతలన్నీ తెలుపు చేశాను. సారుకు సంతోషం, నాకు మాత్రం లోపల ఎక్కడో శంక.

మల్కాజ్‌గిరిలో వాళ్లు అప్పుడుంటున్న ఇంటి వరండాలో, ఇంటాయన ఆ షీటును తల్లి ముందు పరిచారు. పెద్దావిడ కళ్లద్దాలు పైకీ కిందికీ జరిపి చూసి, "ఏందిరా ఇది, ఇంట్ల అడుగు పెట్టకముందే కరెంట్ తీసేసిండ్రు! దర్వాజ ఏడుందో సుత కనబడ్తలేదు" అన్నారు. మా సారు తప్ప అందరూ నవ్వారు. ఇంటాయన మర్యాదగానే, "అమ్మకు సమజ్ కావాలె సార్. రేపు పదకొండింటికి ఇంకో ఇంజనీర్ వస్తుండు, ఆయన ప్లాన్ సుత చూసి చెప్తం" అన్నారు. ఆయన కంటే ముందే, పదింటికల్లా మరో షీటు తెస్తామని సారు మాటిచ్చేశారు. సికింద్రాబాద్‌లో లోకల్ రైలు దిగగానే నేను ఆఫీసుకు పరుగుతీశాను.

ప్రింటు తీసే షాపు ఎనిమిదింటికి మూసేస్తారు. నాకు రంగుల పొత్తులు తెలియవు. కంప్యూటర్‌లో ప్రతి రంగూ మూడు అంకెలని, ఎరుపెంత, ఆకుపచ్చెంత, నీలమెంత అని మాత్రమే తెలుసు. మూడూ సున్నాలైతే నలుపు, మూడూ రెండువందల యాభై ఐదైతే తెలుపు. మొదటి రెండింటినీ పైన ఉంచి నీలాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోతే, పెద్దావిడ వరండా గోడకున్న వెలిసిన పసుపు దగ్గరికి వచ్చింది. హమ్మయ్య అనుకుని ప్లాను చూశాను. తెల్లగీతలన్నీ ఆ లేత రంగులో కలిసిపోయి ఇల్లు రెండోసారి మాయమైంది. గోడలు, కిటికీలు, మెట్లు, గదుల పేర్లు ఒక్కొక్కటే నలుపు చేసుకుంటూ, మధ్యమధ్య గడియారం చూసుకుంటూ, చివరికి షట్టరు సగం దించిన షాపులోకి వంగి దూరాను. "ఏందక్కా, నాకు ఇల్లు లేదనుకున్నవా?" అని గొణుగుతూనే షాపతను ప్రింటు తీసిచ్చాడు.

మర్నాడు బస్సులో షీటు చుట్ట విప్పి చూసుకుంటే, వంటింటి పేరు కనిపించలేదు. ఆ ఒక్కటీ తెల్లగానే ఉండిపోయింది. సారుకు చూపించాను. ఆయన జేబులోంచి పెన్ను తీసి, బస్సు కుదుపులు చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

షీటు పరిచినప్పుడు నా చూపంతా ఆ ఖాళీ చోటు మీదే. పెద్దావిడ రంగు ఊసే ఎత్తలేదు. వేలు వాకిట్లో పెట్టి, దర్వాజ దాటి, హాల్లోంచి మెల్లగా నడిపించుకుంటూ వెళ్లి సరిగ్గా ఆ పేరులేని గదిలో ఆగారు. "గిది వంటిల్లే గదా? మరి పొయ్యి కాడ నిలబడితే వాకిట్ల ఎవరొచ్చిండ్రో నాకెట్ల తెల్వాలె? ఈ గోడ గిట్ల జరుపుండ్రి" అన్నారు. కొడుకు సర్దిచెప్పబోతే, "నువ్వు వండుతవా? ఊకో!" అని కసిరారు. సారు పెన్సిలుతో కొత్త గోడ గీస్తుంటే నాకు అర్థమైంది. ఆమె అప్పటికే ఆ కాగితం మీది ఇంట్లో తిరుగుతున్నారు. తనది కాని ఇంట్లో గోడ కోసం ఎవరు తగవు పెట్టుకుంటారు? ఇంటాయన లేచి, రావలసిన ఇంజనీరుకు ఫోను చేసి వద్దని చెప్పేశారు. కుర్చీ నాకు దక్కింది.

ఇప్పుడు మా షీట్లు ఫోన్లకు వెళ్తున్నాయి. రంగు నచ్చకపోతే క్షణంలో మారుస్తాం, గీతలు వాటంతటవే రంగు మార్చుకుని పైకి తేలతాయి. చూసేవాళ్లు ఏ ప్రయాణంలోనో, ఏ పని మధ్యనో చూసి, బాగుందని రెండు ముక్కలు పంపి ఊరుకుంటారు. బాగుందన్న మాట వస్తే నాకిప్పటికీ భయమే. ఇంకా ఎవరూ ఆ ఇంట్లో అడుగు పెట్టలేదేమో అనిపిస్తుంది.